ట్యాంక్ ఫుల్ చేస్తే కారులో పెట్రోల్ వాసన, కింద చుక్క కూడా కారడం లేదు: ఎక్కడ వెతకాలి?

వైట్‌ఫీల్డ్ బండి:

అందరికీ నమస్తే. బండి 2017 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, ఎంపీఎఫ్‌ఐ (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే పద్ధతి). సీఎన్‌జీ కిట్ లేదు. కొన్ని వారాలుగా పొద్దున్నే డోర్ తీయగానే పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. రాత్రి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉంటుంది. గమనించినవి ఇవీ:

ట్యాంక్ ఫుల్ చేసిన రోజు, ఆ మర్నాడు వాసన ఎక్కువ. సగానికి దిగాక దాదాపు ఉండదు. ముందు సీట్లలో కంటే వెనక సీట్లో ఘాటుగా ఉంది. ఏసీ రీసర్క్యులేషన్‌లో (లోపలి గాలే తిరిగేలా) పెట్టినా తగ్గదు, ఇంకా పెరిగినట్టే ఉంటుంది. బేస్‌మెంట్ ర్యాంప్ ఎక్కేటప్పుడు ఒక్కసారిగా కొడుతుంది. కింద నేల మీద మరక లేదు. చెక్ ఇంజన్ లైట్ వెలగలేదు. మైలేజ్, పికప్, స్టార్టింగ్ అన్నీ మామూలే.

ఇంటి దగ్గర గ్యారేజ్‌లో ట్యాంక్ మూత మార్చి, థ్రాటిల్ బాడీ క్లీన్ చేసి పంపారు. ఏమీ తేడా లేదు. ఇప్పుడు ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్లే, అన్ని బండ్లకీ వస్తోంది అంటున్నారు. నిజమేనా? పిల్లల్ని వెనక కూర్చోబెట్టి స్కూల్‌కి తీసుకెళ్లొచ్చా? ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

పదో నంబర్ పానా:

పిల్లల సంగతి ముందు. వాసన ఎక్కడి నుంచో తేలేదాకా వాళ్లని ఆ బండిలో ఎక్కించకండి. మన దగ్గర అమ్మే పెట్రోల్‌లో 1 శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు, అది క్యాన్సర్ కారకం. అంతకంటే దగ్గరి ప్రమాదం మంట. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల వెంట పాకి పల్లంలో నిలబడుతుంది. గాలిలో అది 1.4 శాతానికి చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది. గాలి ఆడని బేస్‌మెంట్ దీనికి అన్నిటికంటే చెడ్డ చోటు. తేలేదాకా బండి పైన, ఆరుబయట పెట్టండి. ట్యాంక్ సగం దాటి నింపకండి.

తడి కనిపించినా, చుక్క కారినా మాత్రం ఇగ్నిషన్ తిప్పొద్దు. ఆన్ చేయగానే పంప్ 3 నుంచి 4 బార్ ప్రెషర్‌తో పెట్రోల్ తోస్తుంది, చుక్కగా ఉన్న లీక్ చిమ్మడం మొదలవుతుంది. బండిని చేతులతో ఆరుబయటికి తోసి, డోర్లన్నీ తీసి, బండిని మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించండి. బ్యాటరీ పీకేద్దాం అనిపిస్తుంది గానీ, బానెట్ కింద ఆవిరి నిండి ఉన్నప్పుడు ఆ టెర్మినల్ దగ్గర వచ్చే రవ్వే చాలు. గాలి ఆడాకే దాని జోలికి వెళ్లాలి.

ఇక మీ లక్షణాలు. వాసన ఎప్పుడు వస్తుందో అదే చోటు చెబుతుంది. రీసర్క్యులేషన్‌లో కూడా వస్తోందంటే ఆవిరి ఇంజన్ వైపు నుంచి అద్దం కింది గ్రిల్ ద్వారా రావడం లేదు. క్యాబిన్ లోపలికే ఎక్కడో దారి ఉంది. ఫుల్ ట్యాంక్‌లో వచ్చి సగంలో ఆగిందంటే లీక్ ట్యాంక్ పైభాగంలో ఉంది, పెట్రోల్ మట్టం అక్కడిదాకా వచ్చినప్పుడే బయటపడుతోంది. ర్యాంప్ మీద కొట్టిందంటే వాలుకి పెట్రోల్ ఒక పక్కకి జరిగి ఆ చోటుని తడుపుతోంది. ఈ మూడూ కలిపి చూస్తే మొదటి అనుమానం వెనక సీటు కింద ఉండే ఫ్యూయల్ పంప్ మాడ్యూల్ సీల్. రెండోది, పెట్రోల్ పోసే గొట్టం ట్యాంక్‌లో కలిసే చోట ఉన్న రబ్బరు హోస్, దాని క్లాంప్.

ట్యాంక్ మూత మార్చి పంపేయడం నాకు నచ్చలేదు. మూత రబ్బరు పాడైతే వాసన బండి బయట, మూత ఉన్న పక్కన వస్తుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి ముందుగా తగలదు. థ్రాటిల్ బాడీకీ పెట్రోల్ వాసనకీ అసలు సంబంధమే లేదు.

చెక్ ఇంజన్ లైట్ వెలగలేదని నిశ్చింతగా ఉండొద్దు. మన దగ్గర తిరిగే పాత బండ్లలో చాలావాటికి ట్యాంక్ ఆవిరి ప్రెషర్ కొలిచే సెన్సరే ఉండదు. ట్యాంక్ పైన వేలెడంత పగులున్నా ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) తెలిసే దారి లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. బండి ఆరుబయట పెట్టి, డోర్లు తీసి, వెనక సీటు కుషన్ ఎత్తండి. చాలా బండ్లలో ముందు అంచున రెండు క్లిప్పులు ఉంటాయి, పైకి గట్టిగా లాగితే వస్తాయి. కొన్నిటిలో బోల్టులు ఉంటాయి. కింద కార్పెట్ లేపితే స్క్రూలతోనో జిగురుతోనో బిగించిన రేకు మూత కనిపిస్తుంది. దాని కిందే పంప్. ఆ మూత తీయకముందే చుట్టూ ముక్కు పెట్టి చూడండి. తీశాక దుమ్ము తుడిచేయకండి, ముందు ఫోటో తీయండి. పొడి దుమ్ము బూడిద రంగులో ఉంటుంది. పెట్రోల్ తగిలిన చోట దుమ్ము నల్లబడి, పేస్టులా అంటుకుని ఉంటుంది. ఆ నల్ల మరక ఎక్కడ మొదలైందో అక్కడే లీక్. తుడిచేస్తే ఆ ఆనవాలు పోతుంది.

కొన్ని మోడల్స్‌లో సీటు కింద ఈ మూత ఉండదు, ట్యాంక్ దించాల్సిందే. అలాంటిదైతే సొంతంగా మొదలుపెట్టకండి. లిఫ్ట్ ఉన్న గ్యారేజ్‌లో మీ ముందే చేయించండి.

చార్‌కోల్ డబ్బా:

పైన చెప్పినది సరైన దారే. కానీ సీటు కింద పొడిగా ఉంటే తర్వాత చూడాల్సింది ఆవిరి పట్టే వ్యవస్థ. ఇక్కడి గ్యారేజ్‌లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ట్యాంక్‌లో పుట్టే ఆవిరి బయటికి పోకుండా ఒక గొట్టం ద్వారా క్యానిస్టర్‌కి వెళ్తుంది. క్యానిస్టర్ అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్ గుళికలు నింపిన ప్లాస్టిక్ డబ్బా. కొన్ని బండ్లలో ఇంజన్ గదిలో, కొన్నిటిలో వెనక చక్రం దగ్గర కింద ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజన్‌కి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లోకి లాగి కాల్చేస్తుంది. బొగ్గు ఆవిరిని పడుతుంది, ద్రవాన్ని పట్టలేదు. బంకులో ఆటో కట్ అయ్యాక కూడా "రౌండ్ ఫిగర్ చేయండి" అని ఇంకో లీటర్, రెండు లీటర్లు పోయించుకుంటే ఆ పెట్రోల్ ఆవిరి గొట్టంలోకి ఎక్కి క్యానిస్టర్‌ని ముంచేస్తుంది. ఒకసారి తడిసిన బొగ్గు ఆవిరి పట్టడం మానేస్తుంది, గాలి పీల్చే రంధ్రం నుంచి వాసన బయటికొస్తుంది. మొదటి క్లిక్ దగ్గర ఆపేయండి. ఇది అలవాటైతే సగం బండ్లకి ఈ సమస్యే రాదు.

మీరు చిత్తూరు, తిరుపతి వైపు వెళ్లొస్తుంటే ఇంకోటి. కింద ఎండలో ట్యాంక్ గొంతుదాకా నింపి మొగిలి ఘాట్ ఎక్కి బెంగళూరు వస్తే ఎత్తు సుమారు 600 మీటర్లు పెరుగుతుంది. బయటి గాలి ప్రెషర్ తగ్గుతుంది, దారిపొడవునా ట్యాంక్ వేడెక్కి ఉంటుంది. రెండూ కలిసి ఆవిరి మామూలుకంటే బాగా ఎక్కువ పుడుతుంది. ట్యాంక్‌లో ఖాళీ లేకపోతే అది పోయేది క్యానిస్టర్‌లోకే. ఊరి నుంచి వచ్చిన రాత్రి మాత్రమే వాసన వస్తుందంటే ఇదే కారణమని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

పర్జ్ వాల్వ్ రెండు రకాలుగా పాడవుతుంది, లక్షణాలు వేరు. తెరుచుకుని ఇరుక్కుపోతే పెట్రోల్ పోయించిన వెంటనే బండి స్టార్ట్ కాదు, చాలాసేపు క్రాంక్ చేయాలి. ఐడిల్ ఊగుతుంది. స్కానర్‌లో ఐడిల్ దగ్గర ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని పెంచి తగ్గించే సవరణ) బాగా మైనస్‌లోకి వెళ్తుంది. మూసుకుని ఇరుక్కుపోతే ఇంజన్‌కి ఏ తేడా తెలియదు, కానీ క్యానిస్టర్ ఎప్పటికీ ఖాళీ కాదు, నిండిపోయి వాసన వదులుతుంది. బండి బాగా నడుస్తూ వాసన మాత్రమే వచ్చేది ఈ రెండో రకంలో.

పరీక్ష సులువు. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, వాల్వ్‌కి క్యానిస్టర్ వైపు ఉన్న గొట్టం ఊడదీసి వేలు పెట్టండి. చల్లటి ఐడిల్‌లో లాగకూడదు. వేలిని పీల్చుకుంటే వాల్వ్ తెరిచి ఇరుక్కుంది. తర్వాత ఇంజన్ ఆపి వాల్వ్ పూర్తిగా బయటికి తీసి, బండికి దూరంగా తెచ్చి, చిన్న రబ్బరు గొట్టం తగిలించి ఊదండి. గాలి పోకూడదు. దూరంలో పెట్టిన 12 వోల్టుల బ్యాటరీ వైర్లు కలిపితే టక్‌మని తెరుచుకుని గాలి వదలాలి. మల్టీమీటర్‌తో కాయిల్ రెసిస్టెన్స్ చాలా బండ్లలో 20 నుంచి 40 ఓమ్స్ మధ్య వస్తుంది, ఖచ్చితమైన అంకె మీ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. వాల్వ్‌లో నల్లటి గుళికలు రాలితే క్యానిస్టర్ లోపల పగిలిందని అర్థం. అప్పుడు రెండూ మార్చాలి, గొట్టాలు గాలితో ఊది శుభ్రం చేయాలి. లేకపోతే కొత్త వాల్వ్‌లోనూ అదే బొగ్గు ఇరుక్కుంటుంది.

బంకులో నాజిల్ పదేపదే దానంతట అదే ఆగిపోతోందా? క్యానిస్టర్ గాలి రంధ్రం మట్టితోనో పురుగు గూడుతోనో మూసుకుపోయి ఉండొచ్చు. ఇది ఉందో లేదో రాయండి.

గ్యారేజ్‌లో ఎవరైనా టైర్ల కంప్రెసర్ గాలి ట్యాంక్‌లోకి కొట్టి లీక్ చూస్తామంటే ఒప్పుకోకండి. ఈ వ్యవస్థ తట్టుకునేది చాలా తక్కువ ప్రెషర్. స్మోక్ మెషీన్ కూడా 0.03 బార్ దగ్గరే పొగ పంపుతుంది. టైర్ గాలి కొడితే లేని లీక్ పుడుతుంది.

కేఆర్ పురం స్పేర్స్:

ఈ20 గురించి. 2023 ఏప్రిల్ నుంచి తయారైన పెట్రోల్ కార్ల ఇంధన భాగాలు ఈ20ని తట్టుకునేలా చేశారు. 2017 బండి అలా తయారు చేసింది కాదు. ఇథనాల్ పాత నైట్రైల్ రబ్బరుని ఉబ్బిస్తుంది, ఆరినప్పుడు గట్టిపరుస్తుంది. ఇలా ఉబ్బుతూ ఆరుతూ ఉండే ఓ-రింగ్ (రబ్బరు రింగు సీల్) పట్టు కోల్పోతుంది. కాబట్టి ఈ20 ఒక కారణం కావచ్చు. "అందరికీ వస్తోంది, అలవాటు చేసుకోండి" అనడం మాత్రం తప్పు. సీల్ పాడైతే సీల్ మార్చాలి, అంతే. మార్చేటప్పుడు ఎఫ్‌కేఎం రబ్బరు ఉన్న భాగం అడగండి, దాన్ని ఫ్లోరోకార్బన్ అనీ అంటారు. ఇథనాల్‌ని అది బాగా తట్టుకుంటుంది.

రెండో విషయం, ఎలుకలు. బేస్‌మెంట్‌లో ఉండే బండి అన్నారు కదా. వైర్లు కొరికితే వెంటనే తెలుస్తుంది, నైలాన్ పెట్రోల్ పైపు కొరికితే ముందు వాసనే తెలుస్తుంది. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గర, ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక, ట్యాంక్ పైన పైపులు వంగే చోట టార్చ్ వేసి చూడండి. జంటగా ఉన్న సన్నటి గాట్లు పంటిగాట్లు. పైపు మొత్తం తెగకపోవచ్చు, ఇంజన్ నడుస్తుండగా సన్నగా చెమర్చి వేడికి ఆరిపోతుంది, అందుకే నేల మీద మరక పడదు.

అక్కడ గ్యారేజ్‌లు చేసే తప్పు ఇది. కొరికిన ముక్క కోసేసి, మామూలు రబ్బరు గొట్టం ఎక్కించి, స్క్రూ క్లాంప్ రెండు పక్కలా బిగిస్తారు. నున్నటి నైలాన్ మీద రబ్బరు నిలవదు, ప్రెషర్‌కి జారిపోతుంది. పైగా ఆ గొట్టం మీద రాసి ఉన్న రేటింగ్ ఎవరూ చదవరు. ఎస్‌ఏఈ జే30 ఆర్7 అని ఉంటే అది కార్బ్యురేటర్ బండ్లకి, సుమారు 3.4 బార్ దాకా. మన ఎంపీఎఫ్‌ఐ పంప్ నడిచేదే 3, 4 బార్ దగ్గర. ఆర్9 అని ఉన్నది సుమారు 7 బార్‌కి, లోపలి పొర ఫ్లోరోకార్బన్. ఆర్9 కూడా అంచు ఉబ్బుగా ఉన్న మెటల్ నిపుల్ మీదే వేయాలి. క్లాంప్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి చేసిన నున్నటి అంచులది కావాలి, చిల్లులున్న మామూలు క్లాంప్ రబ్బరుని కోసేస్తుంది. నైలాన్ పైపు కొరికితే నా సలహా ఒకటే, క్విక్ కనెక్టర్లతో వచ్చే మొత్తం పైపు మార్చేయండి. బెంగళూరు జేసీ రోడ్ స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే చాలా మోడల్స్‌కి దొరుకుతుంది. ఛాసిస్ నంబర్, పాత భాగం ఫోటో పట్టుకెళ్లండి, బండి పేరు చెబితే వేరే వేరియంట్‌ది చేతిలో పెడతారు.

వైట్‌ఫీల్డ్ బండి:

అందరికీ చాలా థాంక్స్. బంకులో నాజిల్ మామూలుగానే ఆగుతోంది, మధ్యలో కట్ కావడం లేదు. సీటు ఎత్తి చూశాను. రేకు మూత తీయగానే వాసన ముక్కుకి కొట్టింది. పంప్ చుట్టూ దుమ్ము అంతా బూడిద రంగే, కానీ బండి వెనక వైపు ఉన్న అర్ధచంద్రం మేర నల్లగా, జిగటగా ఉంది. పైపు తగిలే నిపుల్ దగ్గర పొడిగానే ఉంది. పంప్‌ని పట్టి ఉంచింది స్టీల్ రింగ్, దాని మీద తుప్పు. పంటిగాట్లు ఎక్కడా లేవు. రేకు మూత చుట్టూ ఉండాల్సిన నల్లటి బంక సగం ఊడిపోయి ఉంది.

ఆ స్టీల్ రింగ్ కొంచెం బిగిస్తే సరిపోతుందా, పంప్ మొత్తం మార్చాలా?

పదో నంబర్ పానా:

దొరికింది. వెనక వైపు మాత్రమే నల్లబడటం మీరు చెప్పిన ర్యాంప్‌తో సరిగ్గా కలుస్తోంది. ర్యాంప్ ఎక్కేటప్పుడు పెట్రోల్ వెనక్కి జరిగి ఆ అంచునే తడుపుతుంది. క్యాబిన్‌లోకి రావడానికి కారణం మూత బంక ఊడిపోవడం. సీల్ ఒక్కటే మార్చి ఆ బంక వదిలేయకండి.

పంప్ మార్చక్కర్లేదు. రింగ్ బిగించినా లాభం లేదు. అది దాని గాడిలో చివరిదాకా తిరిగి ఆగుతుంది, ఇంకా కొడితే ప్లాస్టిక్ ఫ్లాంజ్ (పంప్ పై అంచు) పగులుతుంది. మార్చాల్సింది ట్యాంక్‌కీ పంప్‌కీ మధ్య ఉన్న గ్యాస్కెట్. తుప్పు లోతుగా ఉంటే లాక్ రింగ్ కూడా మార్చండి. సొంతంగా చేస్తారో, మెకానిక్‌తో చేయిస్తారో మీ ఇష్టం, పద్ధతి మాత్రం ఇదే ఉండాలి.

ట్యాంక్ పావుకి దిగేదాకా ఆగండి. నోటితో గొట్టం పెట్టి లాగే పని అసలొద్దు. బండి ఆరుబయట, గాలి ఆడే చోట ఉండాలి. డోర్లన్నీ, డిక్కీ తీసి ఉంచి, కనీసం 1 కేజీ ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో పెట్టుకోండి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి ఇంజన్ స్టార్ట్ చేయండి, పైపులో మిగిలిన పెట్రోల్ అయిపోయి తనంతట తనే ఆగిపోతుంది. ఇంకో రెండు సార్లు క్రాంక్ చేయండి. ఇగ్నిషన్ ఆపి బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

పంప్ చుట్టూ దుమ్ము ఇప్పుడు శుభ్రం చేయాలి, లేకపోతే రింగ్ తీయగానే ట్యాంక్‌లో పడి స్ట్రైనర్‌కి (పంప్ కింది జల్లెడకి) అంటుకుంటుంది. వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు. ఆవిరిని లోపలికి లాక్కుంటుంది, మోటారు బ్రష్‌ల దగ్గర రవ్వలు ఉంటాయి. మెత్తటి బ్రష్, తడి గుడ్డ చాలు. టార్చ్ ఎల్‌ఈడీది, బండి బయటే ఆన్ చేసుకుని తీసుకురండి.

వైరు సాకెట్ తీయండి. పెట్రోల్ పైపు క్విక్ కనెక్టర్ చుట్టూ గుడ్డ కప్పి, ముందు లోపలికి కొంచెం నొక్కి, రెండు చెవులూ ఒత్తిపట్టి బయటికి లాగండి. నేరుగా లాగితే చెవులు విరుగుతాయి, పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. పంప్ ఏ దిక్కుకి ఉందో మార్కర్‌తో ట్యాంక్ మీదా ఫ్లాంజ్ మీదా ఒకే గీత గీయండి.

స్టీల్ లాక్ రింగ్ తిప్పడానికి స్టీల్ ఉలి, సుత్తి వాడకండి, రవ్వ లేస్తుంది. ఇత్తడి డ్రిఫ్ట్ (మొద్దు కడ్డీ) పెట్టి ఒక్కో చెవి మీద వంతులవారీగా చిన్న దెబ్బలు వేయండి. అసలు టూల్ దొరికితే అదే మేలు. తుప్పు ఉంది కాబట్టి కదలకపోతే బలం పెంచకండి, కొంచెం ఆయిల్ వేసి ఆగండి. రింగ్ ఊడాక పంప్‌ని నిటారుగా కొద్దిగా లేపి, పక్కకి వంచి తీయాలి. కింద గేజ్ ఫ్లోట్ కడ్డీ ఉంటుంది, అది వంగితే మీటర్ తప్పు చూపిస్తుంది. పంప్ కప్పులో కొంత పెట్రోల్ మిగిలి ఉంటుంది, ట్రే సిద్ధంగా పెట్టుకోండి, లేకపోతే సీటు ఫోమ్ తాగేస్తుంది.

పాత గ్యాస్కెట్ బయటికి తీశాక మళ్లీ గాడిలో పట్టదు, పెట్రోల్ తాగి సాగి ఉంటుంది. ఎండబెడితే చిన్నదవుతుంది, అప్పుడు పట్టించేసి పంపేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే కొన్నాళ్లకే మళ్లీ వాసన మొదలవుతుంది. సిలికాన్ గమ్ పూయనివ్వకండి. మామూలు సిలికాన్ పెట్రోల్‌లో ఉబ్బి ముక్కలై స్ట్రైనర్‌లో చేరుతుంది, అప్పుడు వాసనతో పాటు పికప్ కూడా పోతుంది. ట్యాంక్ అంచు పొడి గుడ్డతో తుడిచి, కొత్త గ్యాస్కెట్ మెలిక పడకుండా అంచు మీద పరచండి. పంప్‌ని గీతకి గీత కలిపి దించండి. ఒక చేత్తో కిందికి సమంగా నొక్కి పట్టి, రెండో చేత్తో రింగ్ తిప్పాలి. ఇక్కడే గ్యాస్కెట్ ఒక పక్క జారి నలుగుతుంది. రింగ్ బిగిశాక చుట్టూ వేలు తిప్పి చూడండి, ఎక్కడైనా రబ్బరు బయటికి ఉబ్బితే విప్పి మళ్లీ పెట్టండి.

పాత గ్యాస్కెట్ తీసినప్పుడు ఫ్లాంజ్ ప్లాస్టిక్‌ని వెలుతురులో తిప్పి చూడండి. వెంట్రుకంత పగులున్నా ఫ్లాంజ్ లేదా మాడ్యూల్ మార్చాల్సిందే. ఎపాక్సీ పేస్ట్ దాని మీద నిలవదు.

తర్వాత పైపు టక్‌మని శబ్దం వచ్చేదాకా ఎక్కించి, వెనక్కి లాగి చూడండి. సాకెట్, ఫ్యూజ్, బ్యాటరీ పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, ఇలా మూడు సార్లు. ప్రతిసారీ పంప్ కాసేపు నడిచి పైపు నింపుతుంది. తెల్ల టిష్యూ పేపర్ నిపుల్ చుట్టూ, గ్యాస్కెట్ అంచు చుట్టూ అద్ది చూడండి. పొడిగా ఉంటే స్టార్ట్ చేసి మళ్లీ అద్దండి.

ఇప్పుడే రేకు మూత వేసేయకండి. గ్యాస్కెట్ అసలు పరీక్ష ఫుల్ ట్యాంక్‌లోనే. సీటు పెట్టకుండా బంకుకి వెళ్లి మొదటి క్లిక్ దాకా పోయించి, బండిని వాలు మీద ముక్కు పైకి ఉండేలా కాసేపు, తర్వాత తిప్పి ముక్కు కిందికి ఉండేలా కాసేపు పెట్టి, రెండు సార్లూ టిష్యూ అద్దండి. పొడిగా ఉంటేనే రేకు మూత కొత్త బ్యూటైల్ టేప్‌తో చుట్టూ ఖాళీ లేకుండా అతికించండి. వైర్లు లోపలికి వెళ్లే రబ్బరు గ్రోమెట్ కూడా సరిగా కూర్చుందో చూడండి.

హెచ్‌ఎస్‌ఆర్ సెడాన్:

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నాను, వేరే పెట్టడం ఎందుకని. నాకు ట్యాంక్‌తో సంబంధం లేదు. చలికాలం పొద్దున మొదటిసారి స్టార్ట్ చేయగానే బానెట్ వైపు నుంచి వాసన, ఏసీ ఫ్రెష్ ఎయిర్‌లో ఉంటే లోపలికి వస్తుంది. ఇంజన్ వేడెక్కాక పోతుంది. 2014 పెట్రోల్, ఎంపీఎఫ్‌ఐ. ఏం చూడాలి?

కేఆర్ పురం స్పేర్స్:

ఇంజెక్టర్ ఓ-రింగ్‌లు చూడండి. గట్టిపడిన రబ్బరు చల్లదనానికి ముడుచుకుంటుంది, పొద్దున ప్రెషర్ ఎక్కగానే పక్క నుంచి చెమరుస్తుంది, వేడికి ఉబ్బి మూసుకుంటుంది. బెంగళూరు డిసెంబర్ చలి దానికి సరిపోతుంది.

రాత్రి బండి నిలిపి, పొద్దున చల్లటి ఇంజన్ మీద ఇగ్నిషన్ ఒక్కసారి ఆన్ చేసి ఆఫ్ చేయండి. ఫ్యూయల్ రైల్‌లో (ఇంజెక్టర్లకి పెట్రోల్ ఇచ్చే గొట్టంలో) ఒక్కో ఇంజెక్టర్ దిగే చోట టిష్యూ చుట్టి చూడండి. తడి వస్తే ఆ రోజు బండి తీయకండి. ఇంజన్ గదిలోనే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది, అది వేడెక్కాక దాని మీద చుక్క పడకూడదు.

ఒక్కటే తడిసినా నాలుగింటికీ సెట్ మార్చండి, అన్నిటి వయసూ ఒకటే. ప్రతి ఇంజెక్టర్‌కి పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. పైది పెట్రోల్ ప్రెషర్ ఆపుతుంది. కిందది మానిఫోల్డ్ గాలి లోపలికి రాకుండా ఆపుతుంది, అది పోతే వాసన రాదు, ఐడిల్ ఊగుతుంది. సైజు కొలిచి హార్డ్‌వేర్ షాపులో ఏదో ఓ-రింగ్ తెచ్చి వేయొద్దు, ఇంజెక్టర్ పార్ట్ నంబర్‌తో వచ్చే ఎఫ్‌కేఎం సెట్ తీసుకోండి. విప్పే ముందు పంప్ ఫ్యూజ్ తీసి ప్రెషర్ తీసేయడం పైన చెప్పినట్టే. ఎక్కించేటప్పుడు ఒక్క చుక్క కొత్త ఇంజన్ ఆయిల్ రాసి నిటారుగా నొక్కాలి. గ్రీజు వద్దు, ఇంజెక్టర్ మూతిలో చేరుతుంది. పక్కకి వంచి నొక్కితే రైల్ అంచు కొత్త ఓ-రింగ్‌ని కోస్తుంది, ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు అదే.

టిష్యూ పొడిగానే ఉంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్‌లో పెట్రోల్ వాసన ఉండి, మట్టం పోసినదానికంటే పెరిగి ఉంటే ఇంజెక్టర్ మూతి లోపలికి కారుతోంది. అలాంటి బండి వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. రైల్‌కి ప్రెషర్ గేజ్ పెట్టి, ఇంజన్ ఆపాక ముల్లు ఎంత త్వరగా పడిపోతుందో చూడాలి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగ్‌లు పోతాయి, ఇంజెక్టర్ సరిచేసిన రోజే ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి.

ఇదంతా పోర్ట్ ఇంజెక్షన్ బండ్లకే. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ అయితే రైల్‌లో వంద బార్‌లు దాటి ఉంటుంది, ఆ పైపు నట్టుకి ఇంట్లో పానా పెట్టకండి.

వైట్‌ఫీల్డ్ బండి:

గ్యాస్కెట్, లాక్ రింగ్ మార్పించాను, దగ్గరుండి చూశాను. పాత గ్యాస్కెట్ వెనక పక్క చదునుగా అణిగిపోయి, గోరుతో నొక్కితే చిట్లింది. ఫ్లాంజ్ బాగానే ఉంది. ఫుల్ ట్యాంక్‌తో వాలు మీద రెండు వైపులా పెట్టి చూశాం, టిష్యూ పొడిగానే ఉంది. మూత బ్యూటైల్ టేప్‌తో అతికించాం. ఇప్పుడు మిగిలింది కార్పెట్‌లో పాత వాసన. ఎండలో డోర్లు మూసి నిలబెడితే లేస్తోంది.

చార్‌కోల్ డబ్బా:

అది కార్పెట్ కాదు, దాని కింద ఉన్న ఫెల్ట్. పైన ఎంత సెంటు కొట్టినా పోదు. పైగా సెంటు వాసన మీద కొత్త లీక్ వచ్చినా మీకు తెలియదు, అందుకే కొన్నాళ్లు కారులో ఏ పెర్ఫ్యూమ్ పెట్టకండి.

వెనక సీటు తీసి ఫెల్ట్ లేపండి. తడి తగిలిన ముక్క చిన్నదైతే కోసి పారేసి కొత్తది వేయడమే తేలిక. పెద్దదైతే బయటికి తీసి గాలి ఆడే నీడలో, తర్వాత ఎండలో రెండు మూడు రోజులు ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్, హీట్ గన్ వద్దు. ఆరాక రెండు వైపులా వంట సోడా దట్టంగా చల్లి రాత్రంతా ఉంచి, బయట దులిపేయండి. సీటు కింద రేకు మీద సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి పొడిగా చేయండి. తిరిగి అన్నీ పెట్టాక ఒక పొద్దున, రాత్రంతా మూసి ఉంచిన బండి వెనక డోర్ తీసి వాసన చూడండి. మళ్లీ ట్యాంక్ నింపిన మర్నాడు ఒకసారి చూడండి. నింపిన మర్నాడే తిరిగి వస్తే అది ఫెల్ట్ కాదు. అప్పుడు వెనక చక్రం పైన ప్లాస్టిక్ లైనర్ తీసి, పెట్రోల్ పోసే గొట్టం ట్యాంక్‌లో కలిసే చోట రబ్బరు హోస్, క్లాంప్ చూడాలి. అక్కడ కూడా వెతకాల్సింది నల్లబడిన దుమ్ము కోసమే.